పొలంలో దొరికిన సీసపు గుండు

ప్రశ్న: మా పొలం కాకినాడ జిల్లా చందుర్తి దగ్గర ఉంది. మొన్న దుక్కిలో ఒక రాగి నాణెం, తెల్లటి పొర పట్టిన సీసపు గుండు బయటపడ్డాయి. మా అబ్బాయి మెటల్ డిటెక్టర్ కొని పొలమంతా వెతుకుతానంటున్నాడు. వెతకవచ్చునా?
– ఒక రైతు

జవాబు: 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డ్ నడిపిన ఈస్టిండియా కంపెనీ సేన, విజయనగరం ఆనంద గజపతి రాజు తోడుగా, ఫ్రెంచివారిని ఓడించింది చందుర్తి దగ్గరే కనుక, మీ గుండు ఆ యుద్ధానిదే కావచ్చునన్న ఆలోచన సహజమే; అయితే వేటగాళ్లు కూడా సీసపు గుండ్లు వాడేవారు. గుండును చేతిలో తిప్పి చూడండి. ఒకవైపు చదునుగా నొక్కుకుపోయి ఉంటే అది పేలి దేనికో తగిలినది కావచ్చు. గుండ్రంగా ఉండి, అచ్చులో పోసిన సన్నని గీత కనిపిస్తే బహుశా పేలకుండా జారిపడినది. ఇటువంటి గుండ్లు ఎక్కడెక్కడ పడ్డాయో గుర్తిస్తేనే సైన్యాలు నిలిచిన వరుసలు తెలుస్తాయి. చోటు రాసుకోకుండా పెరికి తీస్తే ఆ సాక్ష్యం తిరిగి రాదు, అందుకే మీ అబ్బాయిని ఆపమంటున్నాను.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. కనుక దొరికిన చోటు, లోతు రాసుకొని, ఫొటో తీసి, ముందు తహసీల్దారు కార్యాలయంలో చెప్పండి. నాణేన్ని చింతపండుతో తోమవద్దు, అక్షరాలు అరిగిపోతాయి. సీసాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.