28 కోర్లున్నా రెండర్ కదలట్లేదన్న అల్లుడికి

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మూడు రోజులుగా నువ్వు సరిగ్గా నిద్రపోవట్లేదట, పెళ్ళివాళ్ళు పెన్‌డ్రైవ్ కోసం రోజూ ఫోన్ చేస్తున్నారట, కొత్తగా కొన్న సిస్టమ్ ముంచేసిందని బాధపడుతున్నావట. తర్వాత నీ వాట్సాప్ మెసేజ్ చదివాను. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న వర్క్‌స్టేషన్, రెండు జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు, ఒక్కోదానిలో 14 కోర్లు అంటే పనిచేసే చేతులు, మొత్తం 28 కోర్లు, కోరుకి రెండేసి పని వరసల లెక్కన 56 థ్రెడ్లు. ఇంత ఉండి కూడా రెండు గంటల పెళ్ళి వీడియో రెండరై పూర్తి ఫైలుగా బయటికి రావడానికి తొమ్మిది గంటలు పడుతోంది, పాత ఐ7 సిస్టమే నయం అనిపిస్తోంది అని రాశావు.

ఆ మెషీన్ మంచిదే అల్లుడూ. కంగారుపడి అయినకాడికి అమ్మేయకు. 2014లో మాఘమాసం పెళ్ళిళ్ళకి ముందు నేనూ ఇలాగే అప్పు చేసి రెండు ప్రాసెసర్ల మెషీన్ కొన్నాను. ఆ సీజన్‌లో నాలుగు పెళ్ళిళ్ళ వీడియోలు ఆలస్యంగా ఇచ్చాను. అందులో ఒక పెళ్ళికూతురు తండ్రి, అమ్మాయి అమెరికా విమానం ఎక్కేలోపు కూడా వీడియో ఇవ్వలేకపోయావు కదయ్యా అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది. నీకు అలాంటి మాట పడకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మనూళ్ళో నాట్లు చూశావు కదా. మడిలో ఇరవై ఎనిమిది మంది దిగినా, నారుమడి నుంచి నారు కట్టలు మోసుకొచ్చి విసిరేవాడు ఒక్కడే అయితే అందరూ నడుం పట్టుకుని నిలబడాల్సిందే. ఇంకో ఇరవై మందిని పిలిస్తే నిలబడేవాళ్ళు పెరుగుతారు గానీ నాటు పెరగదు. నీ సిస్టమ్‌లో జరుగుతున్నది ఇదే.

1967లో జీన్ ఆమ్డాల్ అనే ఐబీఎం ఇంజనీరు దీన్ని లెక్కలో పెట్టి చూపించాడు. ఒక కోరుతో నాలుగు గంటలు పట్టే పని ఉందనుకో. అందులో మూడు గంటల పని అందరికీ పంచవచ్చు, ఒక గంట పని మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిందే. 14 కోర్లు పెడితే మూడు గంటల భాగం దాదాపు 13 నిమిషాలకి దిగుతుంది, మొత్తం గంటా పదమూడు నిమిషాలు. 28 కోర్లు పెడితే ఆ భాగం ఆరున్నర నిమిషాలవుతుంది, మొత్తం గంటా ఆరున్నర నిమిషాలు. అంటే రెండో ప్రాసెసర్ మొత్తానికి మిగిల్చింది ఆరేడు నిమిషాలు. ఆ ఒక గంట పనిని తగ్గించే దారి దొరికితే తప్ప మిగతాదంతా వృథా ఖర్చు.

మరి వీడియోలో పంచుకోలేని పని ఏమిటి? కెమెరా హెచ్.264, హెచ్‌ఈవీసీ అనే పద్ధతుల్లో కుదించి ఇచ్చే ఫైళ్ళలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఎక్కడో ఒక ఫ్రేము పూర్తిగా ఉంటుంది, ఆ తర్వాతవన్నీ పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో మాత్రమే రాసుకుంటాయి. కిరాణా కొట్టు ఖాతాలో నిన్నటి నిల్వ తెలియకుండా ఇవాళ్టి నిల్వ తేల్చలేం కదా, అలాగ. మధ్యలో ఒక ఫ్రేము కావాలంటే వెనక్కి వెళ్ళి పూర్తి ఫ్రేము దగ్గర నుంచి విప్పుకుంటూ రావాలి. ఈ పనిని 56 ముక్కలుగా పంచడం కుదరదు. కొన్ని కోర్లు దాటాక పంచినా లాభం ఉండదు. ఇక్కడ కావలసింది ఒక్కో కోరు వేగం. నీ జియాన్ కోరు మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, అన్ని కోర్లకీ పని పడితే టర్బో అనే పై వేగం పూర్తిగా అందదు.

నీ పాత ఐ7 ఎందుకు నయమనిపించిందో ఇప్పుడు చెప్తాను. అందులో ఇంటెల్ క్విక్ సింక్ ఉంది. 2011లో శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో మొదలైంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగంలో, వీడియోని విప్పడానికీ మళ్ళీ కుదించడానికీ ప్రత్యేకంగా కట్టిన చోటు అది. ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళంతా ఇంటెల్ ఐ సిరీసే కావాలని పట్టుబట్టేది ఇందుకే. జియాన్ ఈ5లో గ్రాఫిక్స్ భాగమే లేదు కాబట్టి క్విక్ సింక్ కూడా లేదు. షాపతను నీకు సినీబెంచ్ అనే వేగపరీక్ష స్కోరు చూపించానన్నాడట. అతను అబద్ధమేమీ చెప్పలేదు. సినీబెంచ్ చేసేది త్రీడీ రెండర్. అందులో బొమ్మలోని ఒక ముక్కకి ఇంకో ముక్కతో సంబంధం ఉండదు, అందుకే ఎన్ని కోర్లుంటే అన్నీ నిండుగా పనిచేస్తాయి. పెళ్ళి వీడియో అలాంటి పని కాదు.

ఇవాళ రాత్రి కొత్తగా ఏమీ కొనకుండా, ఏ సెట్టింగూ మార్చకుండా ఒక్క పని చెయ్యి. జీలకర్ర బెల్లం ఘట్టం ఒక మూడు నిమిషాలు ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ పెట్టు, పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచు. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా కనబడేలా పెట్టుకో. పైన కనిపించే మొత్తం శాతాన్ని నమ్మి మోసపోకు. 56 థ్రెడ్లలో 7 పూర్తిగా మునిగిపోయి ఉన్నా మొత్తం 12 శాతమే చూపిస్తుంది. సీపీయూ ఖాళీగానే ఉంది కదా అనుకుంటాం, నిజానికి ఆ ఏడూ ఊపిరాడకుండా ఉంటాయి. జీపీయూ పేజీలో వీడియో డీకోడ్, వీడియో ఎన్‌కోడ్ గ్రాఫులు కూడా చూడు. డిస్క్ చూడు. ఎవరు నిండా పనిలో ఉన్నారో, ఎవరు ఎదురుచూస్తున్నారో అక్కడే తెలుస్తుంది. తర్వాత అదే మూడు నిమిషాలు ఎఫెక్టులన్నీ తీసేసి ఇంకోసారి పెట్టు. టైమ్ రెండూ కాగితం మీద రాసుకో. చాలామంది ఈ పని చెయ్యరు, ఎవరో చెప్పారని ర్యామ్ కొంటారు, ఇంకెవరో చెప్పారని ఎస్‌ఎస్‌డీ కొంటారు.

అదే పేజీలో సాకెట్స్ అన్న చోట 2 అని ఉందో లేదో చూడు. విండోస్ హోమ్ ఎడిషన్ ఒక్క ప్రాసెసర్‌నే గుర్తిస్తుంది, రెండూ పనిచేయాలంటే ప్రో ఉండాలి. సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లో ఏ విండోస్ వేసిచ్చారో చెప్పలేం. క్యాబినెట్ మూత తీసి ర్యామ్ కూడా చూడు. ఆ బోర్డులో ఒక్కో ప్రాసెసర్‌కి దాని పక్కనే సొంత స్లాట్లుంటాయి, ఒక్కోదానికీ నాలుగు మెమరీ చానెళ్ళు. స్టిక్‌లన్నీ ఒక పక్కనే గుచ్చి ఉంటే రెండో ప్రాసెసర్ ప్రతిసారీ పక్కింటికి వెళ్ళి తెచ్చుకోవాలి. రెండు వైపులా సమానంగా పెట్టు, వీలైతే అటు నాలుగు ఇటు నాలుగు. లోపల దుమ్ము ఉంటే తుడిచి, ప్రాసెసర్ల మీద పేస్టు ఎండిపోయి ఉంటే మార్పించు. ఒక్కో ప్రాసెసర్ 120 వాట్లది. మన ఎండల్లో, ఏసీ లేని గదిలో వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

నువ్వు పంపిన ఫోటోలో గ్రాఫిక్స్ కార్డు జీటీ 1030 అని ఉంది. నా లెక్క ప్రకారం నీ తొమ్మిది గంటల్లో పెద్ద వాటా దీనిదే. ఎన్వీడియా కార్డే అయినా అందులో ఎన్‌వెంక్ లేదు, అంటే వీడియోని కుదించే భాగం లేదు. 2020 నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ఎన్వీడియా కార్డుతో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్, అంటే కుదింపు పని కార్డుకే అప్పగించడం, చేసుకోవచ్చు. నీ కార్డుకి ఆ అవకాశం లేక మొత్తం భారం జియాన్ మీద పడుతోంది. రంగులు దిద్దడం, సైజు మార్చడం లాంటివి కూడా నిజానికి కార్డు చేయాల్సిన పనులే. ఈ చిన్న కార్డు వాటికీ చాలదు. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ లాంటిది సెకండ్ హ్యాండ్‌లో అయినా సరే చూడు. కొనే ముందు నీ పవర్ సప్లైకి 8 పిన్ వైరు ఉందో లేదో, కార్డు ఆ క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలుచుకో. కంపెనీ వర్క్‌స్టేషన్లలో పవర్ సప్లై వేరే రకంగా ఉంటుంది, బజార్లో దొరికేది దానికి సరిపోకపోవచ్చు. నాకు అక్కడే ఒక వారం పోయింది.

కార్డు వేశాక ఎక్స్‌పోర్ట్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టు. టూ పాస్, అంటే వీడియోని రెండుసార్లు చదివి కుదించడం, కుదరదు, ఫర్వాలేదు. బిట్‌రేటు, అంటే సెకను వీడియోకి వాడే డేటా, కొంచెం పెంచి పెట్టు, టీవీలో చూసే పెన్‌డ్రైవ్‌కి తేడా కనబడదు. మాక్సిమమ్ రెండర్ క్వాలిటీ అన్న టిక్కు మంచి పేరు చూసి అందరూ పెట్టేస్తారు. అది ముఖ్యంగా బొమ్మ సైజు మార్చినప్పుడు పనికొచ్చేది, ఊరికే పెడితే టైమ్ తింటుంది. తీసెయ్యి.

కెమెరా విషయంలో ఒకటి బాగా గుర్తుపెట్టుకో. మీ క్యాండిడ్ అబ్బాయి రంగుల వివరం ఎక్కువ దాచే 4:2:2, 10 బిట్‌లో తీస్తున్నాడని రాశావు. 30 సిరీస్, 40 సిరీస్ ఎన్వీడియా కార్డులు 4:2:2ని విప్పలేవు, 50 సిరీస్‌తోనే ఆ వీలు వచ్చింది. కాబట్టి నువ్వు 3060 కొన్నా ఆ కెమెరా క్లిప్పుల దగ్గర మళ్ళీ సీపీయూనే విప్పాలి. అతనితో మాట్లాడు. తలంబ్రాలు, అప్పగింతలు, భోజనాల దగ్గర రంగుల వివరం తక్కువ దాచే 4:2:0లో తీస్తే ఎవరికీ లోటు కనబడదు, కార్డు హాయిగా విప్పుతుంది. ప్రీ వెడ్డింగ్ షూట్‌కో, రంగులు బాగా మార్చాల్సిన చోటికో 4:2:2 ఉంచుకోండి. సెల్‌ఫోన్ క్లిప్పులు కలిపితే వాటి ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, ముందే 25కి మార్చుకుని టైమ్‌లైన్ మీదికి తీసుకో.

ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్ళకి తేలికపాటి నకళ్ళు, చేసుకుంటున్నానన్నావు, మంచిదే. అయితే ప్రాక్సీ కటింగ్ సాఫీగా జరగడానికి మాత్రమే పనికొస్తుంది. ఎక్స్‌పోర్ట్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ అసలు ఫైళ్ళకే వెళ్తుంది. ప్రాక్సీ చేశాను కదా, అయినా ఎందుకు నెమ్మది అని చాలామంది నన్ను అడుగుతుంటారు. అసలు ఫుటేజీ మొత్తాన్ని ప్రోరెస్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి మార్చుకుంటే ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే కాబట్టి నీ 28 కోర్లకీ పని దొరుకుతుంది. కానీ 4కే, 25 ఫ్రేములు, ప్రోరెస్ 422 అంటే గంటకి 220 జీబీ దాకా తింటుంది. మూడు కెమెరాల పెళ్ళికి అంత డిస్కు ఎక్కడ తెస్తాం?

అందుకని నేను చేసేది చెప్తాను. సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో ప్రివ్యూ, అంటే ముందే రెండర్ చేసి దాచుకునే ముక్క, ఫార్మాట్‌ని కాస్త తేలికైన ప్రోరెస్ 422 ఎల్‌టీకి మార్చి, సైజు అసలు సీక్వెన్స్‌కి సమానంగా ఉంచుతాను. స్నాతకం కటింగ్ పూర్తవగానే ఆ ముక్కకి ఇన్, అవుట్ పెట్టి రెండర్ కొట్టి భోజనానికి వెళ్తాను. జీలకర్ర బెల్లం అయ్యాక మళ్ళీ ఒకసారి, రిసెప్షన్ అయ్యాక రాత్రికి ఒకసారి. టైమ్‌లైన్ పైన గీత పచ్చగా మారుతూ వస్తుంది. చివర్లో యూజ్ ప్రివ్యూస్ టిక్కు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే, భారమైన పనంతా ముందే అయిపోయి ఉంటుంది కాబట్టి కుదింపు ఒక్కటే మిగులుతుంది. రెండర్ చేసిన ముక్కలో తర్వాత ఏదైనా మారిస్తే ఆ ముక్క మళ్ళీ చేసుకోవాలి, కాబట్టి కట్ ఖాయమయ్యాకే చెయ్యి.

నాయిస్ తగ్గించే ప్లగిన్‌ని రిసెప్షన్ మొత్తం మీద పరిచావేమో చూసుకో. అది ఒక ఫ్రేము శుభ్రం చేయడానికి ముందూ వెనుకా ఫ్రేములు కూడా చూస్తుంది, ఎంత మెషీన్‌నైనా మోకాళ్ళ మీద కూర్చోబెడుతుంది. ఎల్‌ఈడీ వాల్ వెనక చీకటిగా వచ్చిన షాట్లకే వెయ్యి. స్టెబిలైజర్ కూడా అంతే, వణికిన షాట్‌కి మాత్రమే.

డిస్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 100 ఎంబీపీఎస్ క్లిప్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు, మూడు కెమెరాలకీ కలిపి 40 కూడా కాదు. హార్డ్ డిస్క్ తట్టుకుంటుంది. కానీ ఫుటేజీ, క్యాష్ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్ళు), అవుట్‌పుట్ మూడూ ఒకే హార్డ్ డిస్క్ మీద ఉంటే దాని తల అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంది. క్యాష్, ప్రివ్యూలు ఎస్‌ఎస్‌డీకి మార్చు. ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచే ఎడిట్ చేస్తుంటే వైరు ఏ పోర్టుకి ఉందో చూడు. 2014లో నా నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి కేవలం యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చినందుకు ఆలస్యమైంది. పక్కనే వేగంగా పనిచేసే నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు ఉంది, నేను చూసుకోలేదు.

ఇవన్నీ అయ్యాక కూడా నీ జియాన్లకి పని ఉంటుంది. టైటిల్స్ బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేయాలని నీకు ఆశ ఉంది కదా, అక్కడ 28 కోర్లూ నిండుగా కదులుతాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కూడా 2021 చివరి నుంచి ఒకేసారి చాలా ఫ్రేములు రెండర్ చేయగలుగుతోంది, దానికి ర్యామ్ ఎక్కువ కావాలి. ఒక పెళ్ళి కటింగ్ చేస్తూ, వెనకాల ఇంకో పెళ్ళి ప్రాక్సీలు మార్చుకోవడానికి కూడా ఆ మెషీన్ చక్కగా పనికొస్తుంది.

ఇప్పుడున్న పెళ్ళి సంగతి. కార్డు వచ్చేదాకా ఆగకు. నాయిస్ ప్లగిన్ అక్కర్లేని చోట తీసెయ్యి, మాక్సిమమ్ క్వాలిటీ టిక్కు తీసెయ్యి, టూ పాస్ ఉంటే వన్ పాస్ చెయ్యి, ఈ రాత్రికి ఎక్స్‌పోర్ట్ పెట్టు. యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకో. పెళ్ళివాళ్ళకి నువ్వే ఫోన్ చేసి ఎల్లుండి సాయంత్రం ఇస్తానని చెప్పు, వాళ్ళు అడిగేదాకా కూర్చోకు. టాస్క్ మేనేజర్ స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపు. రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

మీ మావయ్య