గేటులో ఆగిపోయిన రెండు టికెట్లు: పక్క సీట్లలో ఆ రాత్రి ఎవరు కూర్చున్నారు?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయి, అల్లుడు అమెరికాలో మిస్సోరిలో ఉంటారు. పదేళ్ళ మనవరాలు ఐస్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఈ జనవరి 9న సెయింట్ లూయిస్‌లోని ఎంటర్‌ప్రైజ్ సెంటర్‌లో అమెరికా జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో మహిళల ఫ్రీ స్కేట్ (విజేతను తేల్చే చివరి విడత) జరిగింది. దాని కోసం, టికెట్లు తిరిగి అమ్మే ఒక వెబ్‌సైట్‌లో గత అక్టోబరులో నాలుగు పక్కపక్క సీట్లు కొన్నాను. నా క్రెడిట్ కార్డు మీద రూ. 84,000 అయింది. అవి రెండేసి చొప్పున రెండు మెయిళ్ళలో వచ్చాయి. మొదటి మెయిల్ అమ్మాయికి పంపితే తను తీసుకుంది. రెండోది నా ఫోన్‌లో తెరిచి, టికెట్ల ఫొటో వాట్సాప్‌లో పంపి పడుకున్నాను. అమ్మాయి, మనవరాలు లోపలికి వెళ్ళారు. అక్కడికి వెళ్ళి ఉన్న నా భార్యను, అల్లుణ్ణి మాత్రం గేటులో ఆపేశారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, చలిలో, అందరి ముందూ దొంగలా నిలబడింది. చివరికి బాక్సాఫీసులో పైఅంతస్తు టికెట్లు రెండు మళ్ళీ కొన్నారు. పాప ఆట చూడకుండా ఏడుస్తూ కూర్చుందట. వెబ్‌సైట్‌కు మెయిల్ పెడితే, గేటులో ఆపినట్టు అరీనా ఇచ్చిన కాగితం పంపమంటున్నారు. అది మా దగ్గర లేదు. విదేశీ సైట్ కాబట్టి కొన్నప్పుడు ఓటీపీ రాలేదు, అందుకని కార్డు దుర్వినియోగమైందని బ్యాంకుకు రాసేస్తే డబ్బు మొత్తం వెనక్కి వస్తుందని అల్లుడు వాట్సాప్‌లో రాశాడు. కొన్నది అక్టోబరులో కదా, టైము అయిపోయిందేమో. నకిలీ టికెట్లు అంటగట్టినందుకు రూ. 10 లక్షల పరిహారం అడగవచ్చా? లేక అమ్మాయి అక్కడి చిన్న మొత్తాల కోర్టుకు వెళ్ళవచ్చా? (2026 ఏప్రిల్ 14న రాసిన ఉత్తరం)

జవాబు: చలి గురించి, అవమానం గురించి మీరు చాలా రాశారు. వాటిని పక్కన పెడుతున్నాను, ఎందుకంటే వాటి మీద ఈ కేసు నిలవదు, పడదు. మీరు మాటవరసకు రాసిన వాక్యం ఒకటుంది: ‘టికెట్ల ఫొటో వాట్సాప్‌లో పంపి పడుకున్నాను.’ అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

అమెరికాలో పెద్ద అరీనాల మొబైల్ టికెట్లలో చాలావాటికి బార్‌కోడ్ స్థిరంగా ఉండదు. యాప్‌లో కొన్ని సెకన్లకోసారి మారుతుంది. బార్‌కోడ్ మీద ఒక గీత అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. స్క్రీన్‌షాట్ పనికిరాదని కిందో పైనో ఇంగ్లిషులో ఒక లైను కూడా ఉంటుంది. అలాంటి టికెట్‌కు మీరు గుంటూరులో రాత్రి పది గంటలకు ఫొటో తీస్తే, గేటు దగ్గరకు మీవాళ్ళు చేరేసరికి అది చచ్చిన బార్‌కోడ్. అప్పుడు అమ్మినవాడు మీకు అసలైన టికెట్లే ఇచ్చాడు, మీరే వాటిని వాడలేకపోయారు. అక్కడితో కేసు అయిపోయినట్టే. 10 లక్షలు కాదు, 10 రూపాయలు కూడా రావు.

అలా కాక, ఆ టికెట్లు నిజంగానే చెల్లనివైతే కథ వేరు. ఇది సాధారణంగా రెండు రకాలుగా జరుగుతుంది. మారని బార్‌కోడ్ ఉన్న పీడీఎఫ్ అయితే అదే కాగితాన్ని నలుగురికి అమ్మవచ్చు. ముందు స్కాన్ అయినవాడు లోపల, మిగిలిన ముగ్గురూ బయట. రెండోది, ఎవరో దొంగ కార్డుతో అసలు అమ్మకందారు దగ్గర టికెట్లు కొని మీకు అమ్మడం. కార్డు యజమాని ఫిర్యాదు చేయగానే ఆ ఆర్డరు రద్దవుతుంది, సీట్లు మళ్ళీ అమ్మకానికి వస్తాయి. మీ ఖాతాలో టికెట్ చేరిందని మీరు నిశ్చింతగా ఉంటారు, ఆటరోజుకు అది అందులో ఉండదు.

కాబట్టి ‘మోసపోయామా’ అన్నది కాదు ప్రశ్న. స్కానర్ ఏమంది? ‘ఇప్పటికే వాడేశారు’ అందా, ‘చెల్లదు’ అందా? అది మీ అల్లుడు చూసి ఉండాలి, గేటు మనిషిని అడిగి ఉండాలి. ఒక ఫొటో తీసుకోలేదు. అక్కడే ఉన్న బాక్సాఫీసులో టికెట్లు కొన్నవాళ్ళు, ఈ రెండూ ఎందుకు పనిచేయలేదో అదే కిటికీలో రాయించుకోలేదు. వెబ్‌సైట్ హెల్ప్‌లైన్‌కు గేటు దగ్గర నుంచే ఫోన్ చేయలేదు. ఈ సైట్ల హామీల్లో ఎక్కువ భాగం ‘ఆట మొదలయ్యే లోపు మాకు చెప్పాలి’ అనే షరతు మీదే నిలుస్తాయి. మూడు నెలల తరువాత రాసిన మెయిల్‌కు వాళ్ళు కాగితం అడిగారంటే వింతేమీ లేదు.

అయినా ఒక సాక్ష్యం మీ ఇంట్లోనే ఉండవచ్చు. కొన్నవి నాలుగు పక్కపక్క సీట్లు. మీ అమ్మాయి, మనవరాలు రెండింటిలో కూర్చున్నారు. మిగతా రెండింటిలో ఆ రాత్రి ఎవరైనా కూర్చున్నారా?

ఈ ఒక్క సంగతి అమ్మాయిని ఇవాళే అడగండి. కొత్త మనుషులు వచ్చి కూర్చుంటే ఆ సీట్లు ఇంకొకరికి అమ్ముడైనట్టే, మీ వాదనకు ప్రాణం ఉంది. రాత్రంతా ఖాళీగా ఉంటే టికెట్లు అసలైనవి, స్క్రీన్‌షాట్ వల్ల పోయాయని దాదాపు తేలిపోతుంది. జ్ఞాపకం చాలదు, ఫొటోలు వెతకండి. ఆంబర్ గ్లెన్ వరుసగా మూడోసారి జాతీయ విజేత అయిన రాత్రి అది. పదేళ్ళ స్కేటర్ పక్కన కూర్చున్న తల్లి ఫోన్‌లో ఫొటోలు లేకపోవడం జరగదు. అయితే ఏ ఫొటో అన్నది ముఖ్యం. మధ్యలో యంత్రంతో మంచు చదును చేసే విరామంలో తీసినది పనికిరాదు, అప్పుడు సగం మంది కాఫీలకు లేచి వెళతారు. ఆట నడుస్తున్నప్పుడు తీసిన ఫొటో కావాలి. ఫిగర్ స్కేటింగ్‌లో ఒకరి ప్రదర్శన సాగుతుండగా ప్రేక్షకులను సీట్ల వైపు రానివ్వరు, ద్వారం దగ్గరే ఆపుతారు. అందుకే ఎవరైనా స్కేట్ చేస్తుండగా తీసిన ఫొటోలో పక్క సీట్లో కనిపించే మనిషి ఆ సీటు మనిషే అని గట్టిగా చెప్పవచ్చు. ముందంజలో ఉన్నవాళ్ళు స్కేట్ చేసే చివరి గ్రూపు సమయంలో తీసినదైతే మరీ మంచిది, అప్పుడు లేచి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఫొటోలను వాట్సాప్‌లో తెప్పించుకోకండి. అలా వస్తే తీసిన సమయం వంటి లోపలి వివరాలు పోతాయి. అసలు ఫైళ్ళను మెయిల్‌లో అటాచ్ చేయించండి.

రెండో పని అరీనా బాక్సాఫీసుకు మెయిల్. తేదీ, సెషన్ పేరు, సెక్షన్, రో, నాలుగు సీట్ల నంబర్లు, మళ్ళీ కొన్న రెండు టికెట్ల రసీదు నంబరు రాసి ఒక్కటే అడగండి: ఈ రెండు సీట్లకు ఆ రోజు విజయవంతమైన స్కాన్ ఉందా, ఉంటే ఎన్ని గంటలకు? స్కానర్ ప్రతి బార్‌కోడ్‌కూ సమయం నమోదు చేస్తుంది. ఖాతాదారుడికే చెబుతామంటే మీ మెయిల్ నుంచే రాయండి, ఎందుకంటే ఆ రెండు టికెట్లు మీ మెయిల్‌కు వచ్చినవి. సానుభూతి కోసం మీ భార్య వయసు, పాప కన్నీళ్ళు అందులో రాయకండి. నాలుగు లైన్ల మెయిల్‌కు జవాబు వస్తుంది, నాలుగు పేజీలకు రాదు.

మూడోది మీ ఫోనే. రెండో మెయిల్ తెరిచి చూడండి: అందులో ఉన్నది ఖాతాలోకి తీసుకోవలసిన లింకా, పీడీఎఫ్ అటాచ్‌మెంటా? లింకైతే టికెట్ ఖాతాలోకి వెళ్ళి అయిపోయిన కార్యక్రమాల విభాగం చూడండి. ఆ రెండూ ఇంకా ఉన్నాయా, రద్దయినట్టు చూపుతోందా, అసలు కనిపించడం లేదా? ఏది కనిపిస్తే దాన్ని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. (ఇక్కడ స్క్రీన్‌షాట్ పనికొస్తుంది.) వాట్సాప్ సంభాషణ చెరపకండి, ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి. గేటు దగ్గర నుంచి అల్లుడు పెట్టిన సందేశం ఏదైనా ఉంటే అది రూ. 42,000 విలువైన కాగితం. మీ ఫోన్‌లో అది జనవరి 10 తెల్లవారుజాము అని కనిపిస్తుంది, వాళ్ళ ఫోన్‌లో జనవరి 9 సాయంత్రం. జనవరిలో తేడా పదకొండున్నర గంటలు. ఈ సంగతి మీరే ముందు రాయకపోతే, తేదీలు కలవడం లేదని బ్యాంకు గుమాస్తా ఫైలు పక్కన పడేస్తాడు.

బాక్సాఫీసు రసీదు కూడా చిన్నది కాదు. చెల్లే టికెట్లు నాలుగు చేతిలో ఉంచుకుని అదే ఆటకు, అదే సాయంత్రం ఎవరూ ఇంకో రెండు కొనరు. గేటులో ఆపారని అది రుజువు చేస్తుంది. ఎందుకు ఆపారో మాత్రం చెప్పదు. దాన్ని పైమూడూ చెప్పాలి.

ఇక మీ అల్లుడి సలహా. అది చేయకండి. కార్డు మీది, కొన్నది మీరు, ధ్రువీకరణ మెయిల్ మీకు వచ్చింది, రెండు టికెట్లతో మీ కుటుంబమే లోపలికి వెళ్ళింది. ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అని రాసి సంతకం పెడితే, వెబ్‌సైట్ వాళ్ళు ఆ నాలుగు కాగితాలూ బ్యాంకు ముందు పెడతారు. ఇచ్చిన డబ్బు బ్యాంకు వెనక్కి లాగుతుంది, కార్డూ పోవచ్చు. అబద్ధం చెప్పి డబ్బు రాబట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కిందకు వచ్చే మోసం, ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరం. పైగా ఈ అడ్డదారి గమ్యానికి కూడా చేరదు. అనధికార లావాదేవీల మీద 2017లో ఆర్‌బీఐ పెట్టిన నియమం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు పూర్తి రక్షణ దొరికేది సమాచారం అందిన మూడు పని దినాల్లో చెప్పినవాళ్ళకే. ఏడు దాటితే బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. మీకు ఆరు నెలలైంది. ఓటీపీ రాకపోవడం వల్ల మీరు చేసిన లావాదేవీ మీరు చేయనిది అయిపోదు. అన్నిటికంటే నష్టం ఇంకోటి: ఒకసారి ‘నేను కొనలేదు’ అన్నవాడు తరువాత ‘కొన్నాను కానీ రెండు టికెట్లు పనిచేయలేదు’ అంటే వినేవాళ్ళుండరు. నిజమైన దారిని మీరే మూసుకున్నట్టవుతుంది. అమెరికాలో వీసా మీద ఉన్న మనిషి ఇలాంటి సలహా ఇవ్వడం, అదీ రాతపూర్వకంగా వాట్సాప్‌లో, నాకు అర్థం కాలేదు.

ఆ నిజమైన దారి ఛార్జ్‌బ్యాక్, అంటే చెల్లించిన డబ్బును మీ కార్డు బ్యాంకు ద్వారా వ్యాపారి నుంచి వెనక్కి రప్పించుకోవడం. కారణం ‘సేవ అందలేదు’ అని. నాలుగుకు కాదు, రెండు టికెట్లకే, అంటే రూ. 42,000కే. మళ్ళీ కొన్న టికెట్లు, పెట్రోలు, హోటలు ఇందులో కలపకండి. కలిపితే మొత్తం దరఖాస్తే అతిగా కనిపిస్తుంది.

గడువు దగ్గర మీరు పొరబడ్డారు. అక్టోబరు నుంచి లెక్కపెట్టి ‘టైము అయిపోయిందేమో’ అని రాశారు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఇలాంటి సేవలకు 120 రోజులు సేవ అందవలసిన రోజు నుంచి నడుస్తాయి, కొన్న రోజు నుంచి కాదు. జనవరి 9 నుంచి 120వ రోజు మే 9. కానీ మే 9 మీ గడువు కాదు, బ్యాంకు తన పని పూర్తి చేయవలసిన గడువు. మీ కార్డు షరతుల్లో బ్యాంకుకు తెలపవలసిన రోజులు ఇంకా తక్కువగా ఉండవచ్చు, స్టేట్‌మెంట్ వెనుక చదవండి. ఏప్రిల్ నెలాఖరు దాటనివ్వకండి. వెబ్‌సైట్‌తో తేల్చుకునే ప్రయత్నం చేశారా అని బ్యాంకు అడుగుతుంది కాబట్టి, ఉన్న ఆధారాలతో వాళ్ళకు మరో మెయిల్ పెట్టి మూడు రోజులు గడువివ్వండి. జవాబు వచ్చినా రాకున్నా బ్యాంకు వివాద ఫారం నింపండి. అరీనా జవాబు కోసం ఆగకండి, ‘తరువాత జతపరుస్తాను’ అని రాయండి. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి చెప్పానంటే చెల్లదు. ఫిర్యాదు నంబరు, మెయిల్ రసీదు ఉండాలి.

స్క్రీన్‌షాట్ పంపిన సంగతి దాచకండి. అది మీ వాట్సాప్‌లో ఉంది, రేపు అదే కాగితం మీరే దాఖలు చేయాలి. దాని పక్కనే సీట్లు వేరేవాళ్ళు ఆక్రమించారన్న ఫొటో ఉంటే స్క్రీన్‌షాట్ మిమ్మల్ని ముంచదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా కారణం చెప్పకుండా తిరస్కరిస్తే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు, సీఎంఎస్ అనే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ సంగతి: 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే గుంటూరులోనే జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. సెక్షన్ 69 కింద కాలపరిమితి రెండేళ్ళు, కనుక తొందర లేదు. కానీ ఆ వెబ్‌సైట్‌కు మన దేశంలో కార్యాలయమే లేకపోతే నోటీసు అందించడమే నెలల పని, ఉత్తర్వు వచ్చాక అమలు చేయించడం అంతకంటే కష్టం. స్టేట్‌మెంట్‌లో వ్యాపారి పేరు పక్కన ఏ దేశం ఉందో చూసి, ఇండియా సంస్థ అయితేనే ఆ దారి ఆలోచించండి. అప్పుడు కూడా 10 లక్షలు కాదు, టికెట్ల డబ్బు, వడ్డీ, సహేతుకమైన పరిహారం, ఖర్చులు అడగండి. వాట్సాప్, ఫొటోలు దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ ఆధారాలతో జతచేయవలసిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్ అడుగుతారు. అందుకని ఆ రెండు ఫోన్లూ మార్చకండి, రీసెట్ చేయకండి. అమ్మాయి అక్కడి చిన్న మొత్తాల కోర్టుకు వెళ్ళవచ్చా అన్నారు. ఒప్పందం ఆమె పేరున లేదు, ఆ మాట మరిచిపోండి.

ఆ రెండు సీట్లూ రాత్రంతా ఖాళీగా ఉన్నాయని మీ అమ్మాయి చెబితే, బ్యాంకు ఫారం నింపకండి.