చట్టాలు ఇన్ని ఉన్నా ఊళ్లో ఆచారమే ఎందుకు నడుస్తుంది?

మనలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పాలనను నిజంగా నడిపేది చట్టమా, సంప్రదాయమా అని, పంచాయతీల సంగతి కూడా చెప్పమని మీరు అడిగారు. అన్ని దేశాల సంగతీ చెప్పేంత చదువు నాకు లేదు. గుంటూరు వైపు ఒక చిన్న టౌన్‌లో రిజిస్టర్ ఆఫీసుకు ఎదురుగా మాది డాక్యుమెంట్ రైటర్ షాపు. నాన్న చేత్తో రాసేవారు, నేను కంప్యూటర్ మీద కొడతాను. చట్టం, ఆచారం రెండూ ఒకే కాగితం మీద ఎలా సర్దుకుంటాయో రోజూ చూసే పని కాబట్టి, ఆడపిల్లల ఆస్తి హక్కు ఒక్కటే పట్టుకుని చెప్తాను.

చట్టం లెక్కన చూస్తే మనం ముందే ఉన్నాం. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబాల ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే వాటా వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు మాత్రం లేదు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే బాట పట్టాయి. దేశం మొత్తానికి కేంద్రం చేసిన సవరణతో 2005 సెప్టెంబరు 9న వచ్చింది, పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అనే గొడవ కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి, చివరికి 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చేసింది.

ఇంత ఉంది కదా, మరి మా షాపులో జరిగేదేమిటంటే, తండ్రి పోయాక ఆడపిల్లలు వచ్చి తమ వాటా రాయించుకోవడం కంటే వదులుకుంటూ రాయించడమే ఎక్కువ. దాన్ని విడుదల దస్తావేజు అంటాం. అందులో మాటలు నాన్న కాలం నుంచీ ఒకటే: "నా వివాహ సమయమున నాకు ఇవ్వవలసిన పసుపు కుంకుమలు, లాంఛనములు ముట్టియున్నందున, ఎవరి బలవంతము లేక, నా మనోరాజీగా, నా హక్కు భుక్తములు విడుదల చేయడమైనది." ఇక్కడ ఒక తమాషా గమనించండి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. అందుకే నాన్న ఆ మాట కాగితం మీదికి రానిచ్చేవారు కాదు, లాంఛనాలు అని రాయించేవారు. అంటే ఒక చట్టం వద్దన్న కట్నాన్ని చూపించి, ఇంకో చట్టం ఇచ్చిన వాటాను వదిలిస్తున్నారు, దానికి ప్రభుత్వమే స్టాంపు వేసి ఫీజు తీసుకుంటోంది! నన్నడిగితే మీ ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది. ఆచారం చట్టాన్ని ఎదిరించదు, చట్టం తాలూకు ఫారంలోకే వచ్చి కూర్చుంటుంది.

ఒకసారి ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక తమ్ముడు వచ్చారు. ఆధార్ జిరాక్సులు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వన్‌బీ (పొలం ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ కాగితం) అన్నీ తమ్ముడి కవర్లోనే ఉన్నాయి. నేను ప్రింట్ తీసి చదివి వినిపిస్తుంటే సర్వే నంబర్ల దగ్గర పెద్దావిడ ఆపి, "మొత్తం ఎంత పొలమమ్మాయ్ ఇది?" అంది. వదులుకుంటున్నది ఎంతో ఆవిడకు అప్పటిదాకా తెలియదు. "నీకెందుకక్కా అవన్నీ, ఎండ ముదరకముందే పనైపోతుంది పద" అన్నాడు తమ్ముడు, అతనేమీ కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. నేను విస్తీర్ణం చదివాను. ఆవిడ తలూపింది. లోపల సబ్ రిజిస్ట్రార్ "ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా అమ్మా" అని అడిగితే "ఆ అండీ" అంది, ఫొటో దిగింది, వేలిముద్ర వేసింది. ఆయన పని అంతవరకే. రాసిచ్చిన మనిషి ఈవిడేనా, సంతకం తనదేనా అని చూస్తాడు తప్ప, ఈ పంపకం న్యాయమా అని అడిగే అధికారం రిజిస్ట్రేషన్ చట్టం ఆయనకు ఇవ్వలేదు.

ఇలాంటివి చదివి "పాపం, తెలియక పెట్టేశారు" అనుకునేవాళ్లు ఎక్కువ. నేను ఒప్పుకోను. ఆ చిన్నావిడ ఆ తర్వాత షాపులో కూర్చుని సోడా తాగుతూ చెప్పిన మాట వినండి: "రేపు మా ఆయనతో పడకపోతే నేను వెళ్లేది ఏ ఇంటికి? పొలం పంచుకుంటే ఆ గడప నాకుండదు." కాన్పు, సారె, పిల్లల పెళ్లికి మేనమామ పెట్టే బట్టలు, కష్టమొస్తే నాలుగు రోజులు తల దాచుకోవడానికి చోటు, ఇవన్నీ ఆవిడ లెక్కలో ఉన్నాయి. భర్త పెట్టే బాధ నుంచి కాపాడాల్సిన పోలీసు, కోర్టు, పెన్షన్ అన్నీ వేళకు పనిచేసే దేశంలో అయితే ఆవిడ వేరే లెక్క వేసుకునేదేమో. మన దగ్గర ఆ పని పుట్టిల్లు చేస్తుంది, దానికి కట్టే ప్రీమియమే ఆ వాటా. పాలన ఎక్కడ ఖాళీ వదిలితే అక్కడ ఆచారం నిలబడుతుంది, ఊరికే మూఢత్వం అనేస్తే లాభం లేదు.

అలాగని సంప్రదాయం మొదటినుంచీ ఆడపిల్లకు పొలం ఇవ్వలేదనీ కాదు. మా ప్రాంతంలో చాలా ఇళ్లలో పెళ్లినాడు పసుపు కుంకుమల కింద అరెకరమో ఎకరమో ఇచ్చేవారు, మేనరికం చేసుకుంటే ఆ పొలం ఒక తరం తర్వాత మళ్లీ అదే వంశంలోకి వచ్చేది. దానికి రిజిస్ట్రేషన్ ఉండేది కాదు, పెద్దమనుషుల ముందు మాటే దస్తావేజు. ఇప్పుడు ఆ మాట చెల్లదు, హిందూ కుటుంబాల్లో స్థిరాస్తి దానమంటే రిజిస్టర్ కావాల్సిందే. ముసలమ్మలు వచ్చి "నాకు మా నాన్న ఇచ్చాడు, నలభై ఏళ్లుగా కౌలు నేనే తింటున్నా" అంటే, కాగితమేదమ్మా అని అడగాల్సి వస్తుంది. అంటే చట్టం వచ్చి ఆడవాళ్లకు మేలే చేసింది అని కళ్లు మూసుకుని చెప్పలేం, కొందరికి ఉన్నది కూడా గాల్లో కలిసింది.

నోటి పంపకాలదీ ఇదే కథ. అన్నదమ్ములు పంచుకుని చీటీ రాసుకుంటే ఊరంతా గౌరవిస్తుంది. 2005 సవరణ మాత్రం 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకమైతే రిజిస్టర్డ్ దస్తావేజో, కోర్టు డిక్రీయో చూపించమంది. ఆడపిల్లలను తప్పించడానికి పాత తేదీలు వేసి చీటీలు పుట్టిస్తారనే అలా పెట్టారు. ఆ భయం నిజమే, మా షాపుకే పాత స్టాంపు పేపర్లు దొరుకుతాయా అని వచ్చినవాళ్లున్నారు. కానీ నిజంగానే ఎప్పుడో పంచుకుని, ఎవరి గట్టు వాళ్లు వేసుకున్న కుటుంబాలు కూడా అందులో ఇరుక్కున్నాయి. 2020 తీర్పు, ప్రభుత్వ రికార్డుల్లో గట్టి ఆధారం ఉంటే అరుదుగా నోటి పంపకాన్నీ ఒప్పుకోవచ్చని కాస్త తలుపు తెరిచింది.

అయితే చట్టం ఏమీ మార్చలేదా అంటే, మార్చింది. కాకపోతే మార్చింది పోలీసు ద్వారా కాదు, బ్యాంకు ద్వారా. నాన్న మొదలుపెట్టిన రోజుల్లో అన్నదమ్ములు పొలం పంచుకుంటే అక్కచెల్లెళ్లను పిలిచేవారే కాదట. ఇప్పుడు లోన్ కావాలన్నా, పొలం అమ్మాలన్నా లీగల్ ఒపీనియన్ ఇచ్చే లాయరు మొదట అడిగేది "ఆడపిల్లల సంతకాలున్నాయా?" అని. అక్కడితో ఆ సంతకానికి ధర వచ్చింది. మునుపు పట్టుచీరతో పోయేది, తర్వాత లక్షల్లోకి వెళ్లింది. రాజధాని కోసం 2015లో 33 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌కు తీసుకున్నప్పుడు చుట్టుపక్కల రేట్లు ఎగిరాయి చూడండి, అప్పటిదాకా "మా అన్నయ్యే కదా" అన్న చెల్లెళ్లు లాయర్ నోటీసులతో వచ్చారు. డబ్బు మనుషుల్ని పాడుచేసింది అంటారు ఊళ్లో. నాకు మాత్రం హక్కుకు విలువ తెలిసింది అనిపిస్తుంది.

ఇది హిందువుల గొడవే అనుకోకండి. మా దగ్గరికి వచ్చే ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం కూతురికి కొడుకు వాటాలో సగం ఉంటుంది, అయినా చెల్లెలు అదే విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి వెళ్తుంది. మతం ఏదైనా ఊరి ఆచారం ఒకటే.

బయటి దేశం ఉదాహరణ ఒకటి చెప్పాలంటే బోట్స్వానా. అక్కడ ఒక తెగ ఆచారం ప్రకారం తల్లిదండ్రుల ఇల్లు ఆఖరి కొడుక్కే. ఎడిత్ ముసి అనే పెద్దావిడ, ఆవిడ అక్కచెల్లెళ్లు ఆ ఇంటిని తామే బాగుచేయించుకుని ఉంటే, బంధువుల అబ్బాయి వచ్చి నాదన్నాడు. 2012లో హైకోర్టు, 2013లో పైకోర్టు ఆడవాళ్ల పక్షానే చెప్పాయి. నాకు నచ్చింది పైకోర్టు వాదన. ఆచారం అంటే రాతిమీద చెక్కింది కాదు, కాలంతోపాటు మారుతుంది, కాబట్టి ఈ మార్పు కూడా ఆచారంలో భాగమే అంది. మన కోర్టులు కూడా ఇలా మాట్లాడితే ఊళ్లో పెద్దమనుషులకు కూడా ఒప్పుకోవడం సులువయ్యేది.

పంచాయతీల సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి రెండు ముక్కలు. రాజ్యాంగం 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిచ్చింది, మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు సగం. సంతకం గెలిచిన ఆమెది, పెత్తనం భర్తది, అందరికీ తెలిసిందే. కానీ విడుదల దస్తావేజులాగే ఇక్కడా ఆమె సంతకం లేకుండా బిల్లు కదలదు. కొందరు అది గ్రహించి రెండో ఏడాదికల్లా ఫైలు చదవకుండా పెట్టనంటున్నారు.

నాన్న మాత్రం ఇదంతా చూసి చూసి, తను బతికుండగానే నాకూ తమ్ముడికీ చెరి సగం సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేయించారు. "నేను పోయాక మిమ్మల్ని ఒకరి మొహం ఒకరు చూసుకోనివ్వరు" అన్నారు. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు నేనూ అదే చెప్తాను, వినేవాళ్లు తక్కువ.

నన్నడిగితే కొత్త చట్టం అక్కర్లేదు. విడుదల దస్తావేజు రాసే రోజు ఆడపిల్లను అన్నదమ్ములు లేకుండా విడిగా కూర్చోబెట్టి, వదులుకుంటున్న విస్తీర్ణం, ప్రభుత్వ విలువ ఆమెకు చదివి వినిపించి, అప్పుడు అడగాలి. దానికి ఒక గది, పది నిమిషాలు చాలు.

కింద కామెంట్లో ఒకరు "విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టేశాక వెనక్కి తీసుకోవచ్చా" అని అడిగారు. ఊరికే మనసు మారిందంటే కుదరదు. మోసం చేసో బెదిరించో పెట్టించారని చూపించగలిగితే, ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు సివిల్ కోర్టులో రద్దు దావా వేసుకోవాలి. ముందు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకుని లాయరుకు చూపించండి.