ఏడు పేర్లూ ఒకే మెట్టు మీద ఉంటే ఎలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, సీఈసీ. డిసెంబరులో నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తుంది. బెంగళూరు, నల్సార్ (హైదరాబాద్), ఢిల్లీ, కోల్‌కతా, జోధ్‌పూర్, గాంధీనగర్, భోపాల్ అని ఆ యూనివర్సిటీల పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించుకుంది. కోచింగ్ వాళ్ల మాక్ టెస్టుల్లో ఒకసారి 900 ర్యాంకు వస్తే ఇంకోసారి 3,000 దాటుతోంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, ఏడాదికి రెండు లక్షలకు మించి పెట్టలేను. మన రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా రాయమంటే ‘అది నాకొద్దు నాన్నా’ అంటోంది. ఎప్పటికైనా జడ్జి కావాలని తన కోరిక. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారం మాస్టారూ. ఆ కాగితం గోడ మీదే ఉండనివ్వండి, చింపొద్దు. కాకపోతే అది కోరికల చిట్టా, దరఖాస్తుల జాబితా కాదు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ క్లాట్‌లో లేదు, దానికి ఐలెట్ అని వేరే పరీక్ష ఉంది. మిగిలిన ఆరూ ఒక్క క్లాట్ మీదే, అంటే ఆదివారం మధ్యాహ్నం రాసే రెండు గంటల పేపరు మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ రోజు జ్వరం వచ్చిందనుకోండి, ఆరూ ఒకేసారి పోతాయి.

ముందు మాక్ ర్యాంకు సంగతి చూద్దాం. 900 వచ్చిన రోజు ఇంట్లో పండగ చేసుకుని ఉంటారు. కానీ అది ఆ కోచింగ్ టెస్టు రాసిన వాళ్లలో 900 మాత్రమే. అసలు క్లాట్‌కి మిగతా కోచింగుల పిల్లలూ, ఏ కోచింగూ లేకుండా చదివిన వాళ్లూ వస్తారు. అందుకని చివరి ఆరు మాక్‌లు తీసుకుని, బాగా వచ్చినదాన్నీ బాగా చెడినదాన్నీ పక్కన పెట్టి, మిగిలిన నాలుగింటి సగటు చూడండి. దానికంటే అసలు ర్యాంకు ఇంకాస్త వెనక్కి వెళ్తుందనే అనుకోండి. మీరు రాసిన అంకెలను బట్టి రెండు, మూడు వేల మధ్య అని పెట్టుకుందాం.

ఓపెన్ కేటగిరీలో బెంగళూరు, నల్సార్ సీట్లు మొదటి రెండు వందల ర్యాంకుల లోపే దాదాపు అయిపోతాయి. నల్సార్‌లో తెలంగాణ వాళ్లకి కోటా ఉంది కాబట్టి మీ అమ్మాయికి అక్కడ ఇంకాస్త కింది ర్యాంకు దాకా అవకాశం ఉంటుంది. స్థానికతకు కావలసిన కాగితాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి, మేలో మీసేవ చుట్టూ తిరగడం కష్టం. గోడ మీది మిగతా పేర్లూ తన ప్రస్తుత ర్యాంకుకి పైమాటే. అలాగని తీసేయక్కర్లేదు, రెండు మూడు ఉంచుకోవచ్చు. వాటి కింద విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ, సిమ్లా, జబల్‌పూర్, సోనిపట్, అగర్తల లాంటివి చేర్చండి. విశాఖలో స్థానిక కోటా ఆంధ్రప్రదేశ్ వాళ్లకే, మీ అమ్మాయి అక్కడ ఆలిండియా సీట్లకే పోటీ పడాలి. ఒక్కోదానికి గత మూడేళ్ల చివరి ర్యాంకు ఎంతో చూడండి. ఒక్క ఏడాది చూసి నమ్మొద్దు.

ఇక లాసెట్. ఈ మాట మీద తండ్రీ కూతుళ్ల మధ్య గొడవలు చాలా చూశాను. లాసెట్ అంటే చిన్నతనం అన్న భావన క్లాట్ కోచింగుల్లోనే పుడుతుంది. అందులో 120 ప్రశ్నలు, గంటన్నర సమయం, నెగెటివ్ మార్కులు లేవు. క్లాట్‌కి చదివిన పిల్లలకి అదనంగా పెద్దగా చదవాల్సింది ఉండదు. మంచి ర్యాంకు వస్తే పెండేకంటి, పడాల రామారెడ్డి లాంటి హైదరాబాద్ కాలేజీల్లో ఐదేళ్ల కోర్సు దొరుకుతుంది. హైకోర్టు అదే ఊళ్లో ఉంటుంది. సెలవుల్లో సీనియర్ లాయర్ దగ్గర ఫైళ్లు మోసే పని కావాలన్నా హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకే సులువు. ఏ కాలేజీ అయినా బార్ కౌన్సిల్ గుర్తింపు ఆ ఏడాదికి ఉందో లేదో మాత్రం చూసుకోండి.

డబ్బు దగ్గర మొహమాటపడొద్దు. నేషనల్ లా యూనివర్సిటీల్లో హాస్టల్‌తో కలిపి ఏడాదికి రెండున్నర నుంచి నాలుగు లక్షల దాకా అవుతుంది. అంటే క్లాట్ సీటు వచ్చినా మీకు లోన్ తప్పదు. ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం కింద పూచీకత్తు లేకుండా ఇస్తారు, కానీ ఆ జాబితాలో ఉన్న సంస్థలకే. సింబయాసిస్ లాంటి ప్రైవేటు వాటి మాట నేను ఎత్తడం లేదు, మీ లెక్కకి అవి సరిపోవు.

కౌన్సెలింగ్‌లో ప్రిఫరెన్సులు పెట్టేటప్పుడు జాగ్రత్త. వచ్చే ర్యాంకుని ఊహించి కాదు, ఇష్టాన్ని బట్టి వరసలో పెట్టాలి. పైన పెట్టింది రాకపోతే కిందిది చూస్తారు, అంతేగానీ పైన పెట్టినందుకు శిక్ష ఏమీ ఉండదు. ఒకసారి ఒక కుర్రాడు, ఎలాగూ రాదులే అని, వెళ్లే ఉద్దేశం లేని దూరపు యూనివర్సిటీని మూడో స్థానంలో పెట్టాడు. అదే వచ్చింది. దానికింద తనకు నిజంగా నచ్చినవి రెండు ఉన్నాయి, వాటి వంతే రాలేదు. ఫ్రీజ్ చేయాలా (వచ్చిన సీటే ఖాయం చేసుకోవాలా), ఫ్లోట్ పెట్టాలా (అది ఉంచుకుని పైవాటి కోసం చూడాలా) అని ఆ ఇంట్లో రెండు రోజులు అన్నం సహించలేదు. చేరని చోటు పేరు అసలు రాయనే రాయొద్దు.

జడ్జి సంగతికి వస్తే, 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. అంటే డిగ్రీ అయ్యాక ఏదో ఒక కోర్టులో నిలబడాల్సిందే. ఆ పరీక్షలో ఏ కాలేజీ అని మార్కులు వేయరు. నాగార్జున యూనివర్సిటీలో లా చదివిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు 2021లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ‘అప్పటికి నేషనల్ లా స్కూళ్లే లేవుగా అంకుల్’ అంటుంది మీ అమ్మాయి. అదీ నిజమే.

ఆదివారం ఇద్దరూ కూర్చుని కొత్త కాగితం రాయండి. రాశాక అట్టడుగున ఏ పేరు పెట్టిందో, అదొక్కటే వస్తే సంతోషంగా చేరతానందో లేదో నాకు చెప్పండి. పైన ఏముంటుందో నాకు తెలుసు.