క్రిమినల్ జస్టిస్ డిగ్రీలో చేరాలా అని అడిగిన మిర్యాలగూడ తమ్ముడికి

ఇంటర్‌లో సీఈసీ పూర్తయిందని, ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు బీఏ క్రిమినల్ జస్టిస్‌లో సీటు ఇస్తామంటున్నారని, ఏడాదికి లక్షల్లో ఫీజు కట్టి చేరితే ఎస్‌ఐ ఉద్యోగానికి ఉపయోగపడుతుందా అని అడిగారు. నేను పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఈ కోర్సే చదివి, తరువాత న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, ఇప్పుడు నల్లగొండలో న్యాయవాదిగా పనిచేస్తున్నాను కనుక జవాబు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

ఎస్‌ఐ ఉద్యోగం కోసమే అయితే చేరవద్దు. మన రాష్ట్రంలో సివిల్ ఎస్‌ఐ పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. తుది పరీక్షలో ఉండేవి ఇంగ్లిష్, తెలుగు లేదా ఉర్దూ, అర్థమెటిక్-రీజనింగ్, జనరల్ స్టడీస్ మాత్రమే. నేర శాస్త్రానికి అక్కడ ఒక పేపరూ లేదు. ఫోరెన్సిక్ ప్రయోగశాలల వారు సైన్సు డిగ్రీ అడుగుతారు కాబట్టి ఆ దారీ మూసుకున్నట్టే. పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయం సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

అలాగని ఆ చదువే దండగ అని నేను అనను. దానిని నేర్పే తీరు మీదనే నా ఫిర్యాదు. మాకు నేర శాస్త్ర పండితుల్లో 1764 నాటి బెకారియా నుంచి 1876 నాటి లాంబ్రోసో వరకు, అక్కడి నుంచి సదర్లాండ్ వరకు సిద్ధాంతాలన్నీ చెప్పారు. ఒక గదిలో బొమ్మను పడుకోబెట్టి, ఎర్రరంగు చల్లి, చుట్టూ పసుపు టేపు కట్టి నేరస్థలం అన్నారు. ప్రవేశాల సమయంలో తల్లిదండ్రులను ముందుగా తీసుకెళ్లేది ఆ గదికే. కానీ ఆ మూడేళ్లలో ఎఫ్‌ఐఆర్ మొదలు తీర్పు దాకా ఉన్న ఒక్క పూర్తి కేసు ఫైలును మా చేతికి ఇచ్చిన అధ్యాపకుడు లేడు.

ఆ ఫైలు విలువ నాకు తెలిసింది చివరి ఏడాది వేసవి సెలవుల్లో, మన ఉమ్మడి జిల్లాలోని ఒక మేజిస్ట్రేటు కోర్టులో. మాకు తెలిసిన వకీలు సారు వెంట వెళ్లి వెనుక బల్ల మీద కూర్చునేదాన్ని. ఆ రోజు వాయిదా సాగర్ ఎడమ కాలువ కింద ఒక రైతు పోగొట్టుకున్న వ్యవసాయ మోటారు కేసుది. భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 379 సెక్షన్, అంటే దొంగతనం. మోటారును ఆటోలో తెచ్చి కోర్టు వరండాలో దించారు. దానికి దారంతో కట్టిన చీటీ ఎండకు వెలిసి, క్రైమ్ నంబరు తప్ప మరేమీ కనిపించడం లేదు. పంచ్ సాక్షిగా, అంటే పోలీసులు వస్తువు పట్టుకున్నప్పుడు చూశానని సంతకం చేసిన సాక్షిగా, వచ్చినాయన స్టేషన్ ఎదుట చాయ్ హోటల్ నడుపుతాడు. డిఫెన్సు వకీలు అడగకముందే, "సంతకం నాదే సారూ. చాయ్ ఇయ్యనీకి స్టేషన్‌కు వోతే పెట్టుమన్నరు, పెట్టిన" అని చెప్పేశాడు. తరువాత అటెండర్ తడిగుడ్డతో మోటారు ప్లేటు తుడిచాడు. వస్తువు పట్టుకున్నప్పుడు రాసిన పంచనామాలో 5 హెచ్‌పీ అని ఉంది, ప్లేటు మీద 7.5 ఉంది.

రైతు మాత్రం ఇంకా చేతులు కట్టుకునే, "ఇది నాదే సారూ, ఈ పక్క వెల్డింగ్ జూడుండ్రి, నేనే చేపిచ్చిన" అంటూనే ఉన్నాడు. అతని మాట నిజమని ఆ గదిలో అందరికీ తెలుసునని నా నమ్మకం. అయినా కేసు నిలవలేదు. పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్న నేరం సాక్ష్యానికి పనికిరాదు. అందులో వస్తువు దొరకడానికి దారితీసిన మాట వరకే పాత సాక్ష్యాధారాల చట్టం 27వ సెక్షన్ అనుమతించేది. ఇక్కడ ఆ వస్తువును పట్టుకున్నట్టు చెప్పే కాగితమే తప్పుల తడక కావడంతో సంశయ లబ్ధి, అంటే అనుమానం మిగిలితే దక్కే మేలు, ముద్దాయికి దక్కింది.

నన్ను అంతకన్నా బాధపెట్టినది మరొకటి. ఆ మోటారు అన్నాళ్లూ స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టింది, రైతు అప్పు చేసి ఇంకొకటి కొన్నాడు. అప్పటి నేర విచారణ స్మృతి 451వ సెక్షన్ కింద ఒక అర్జీ పెట్టుకుని, పూచీకత్తు ఇస్తే, విచారణ ముగియకముందే దానిని ఇంటికి తీసుకుపోయే వీలుండేది. పట్టుబడిన వస్తువులను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచరాదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఆ సంగతి రైతుకు ఎవరూ చెప్పలేదు. బాధితుల శాస్త్రం పేరుతో ఒక సెమిస్టరంతా చదివిన నాకూ ఎవరూ చెప్పలేదు. తీర్పులో సైతం అప్పీలు గడువు ముగిశాకే మోటారు అప్పగించాలని రాశారు.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఇప్పుడు దొంగతనం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303లో ఉంది; సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105 చెబుతోంది; 451 స్థానంలో వచ్చిన 497 ప్రకారం కోర్టు ముందుకు వచ్చిన వస్తువుల వివరాలు 14 రోజుల్లో నమోదు చేసి, ఆ తరువాత 30 రోజుల్లో వాటిని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కనుక మీరు రెండూ చదవక తప్పదు. వీడియో ఉంటే పంచ్ సాక్షి అడ్డం తిరిగినా కేసు నిలుస్తుందని కొందరు సీనియర్లు అంటారు. ప్లేటు మీది అంకె సరిగా చూడని వారి చేతిలో ఫోను ఉంటే మాత్రం ఏమి మారుతుందని నా అభిప్రాయం.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. వకీలు కావాలనో, ప్రాసిక్యూటర్ కావాలనో ఉంటే ఎల్‌ఎల్‌బీ తప్పనిసరి. క్రిమినల్ జస్టిస్ బీఏతో కోర్టులో వాదించే హక్కు రాదు. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందనో, పాలమూరు విశ్వవిద్యాలయం కిందనో ఉన్న ప్రభుత్వ కళాశాలలో మామూలు బీఏ చేసి, లాసెట్ రాయండి. జనరల్ వారికి డిగ్రీలో 45 శాతం మార్కులు ఉంటే చాలు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది లేక ప్రైవేటులోనే చేరదలిస్తే, ఆ ఎర్రరంగు గది చూపించినప్పుడు తలూపి, ముగిసిన కేసుల ఫైళ్లు గ్రంథాలయంలో ఉన్నాయా, సెలవుల్లో మేజిస్ట్రేటు కోర్టులో కూర్చోవడానికి ఉత్తరం ఇస్తారా అని అడగండి. ఇవ్వకపోయినా ఆగవద్దు, బహిరంగ విచారణను ఎవరైనా వెళ్లి చూడవచ్చు. మిర్యాలగూడలోనే కోర్టు ఉంది, ఉదయం పదిన్నరకల్లా వెళ్లి వెనుక బల్ల మీద కూర్చోండి.