ఆల్బమ్ విన్నాను, చదువు మాత్రం ఆపొద్దు

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ. ఈసీఈ మూడో ఏడు చదువుతున్నాను. ఏడాదిన్నరగా ఇంట్లోనే రికార్డ్ చేసి, గాత్రం లేని ప్రోగ్రెసివ్ మెటల్ (తాళాలు మారుతూ సాగే హెవీ రాక్) ఆల్బమ్ పూర్తి చేశాను. ఏడు ట్రాకులు, 46 నిమిషాలు. గిటార్లు, బేస్ నేనే వాయించాను. డ్రమ్స్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేశాను. ఈలోగా రెండు సబ్జెక్టులు పోయాయి. నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. గిటార్ అమ్మేయమంటున్నారు. నాకేమో చదువు ఆపేసి మ్యూజిక్‌లోకి వెళ్లిపోవాలని ఉంది. ఆల్బమ్ విని నిజం చెప్పండి.

జవాబు: బాబూ, రెండుసార్లు విన్నాను. రెండోసారి రాత్రి ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లైట్లు తీసేసి విన్నాను. నేను చిన్నప్పుడు ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను. అందుకేనేమో, మూడో ట్రాక్ మొదలవగానే నా చెయ్యి ఒళ్లో తాళం వేయడం మొదలుపెట్టింది. తకిట తకధిమి, ఏడక్షరాల మిశ్రచాపు. గిటార్ ఏడులో నడుస్తుంటే పైన డ్రమ్స్‌లోని సింబల్ పళ్లెం నాలుగు లెక్కలోనే పోతోంది. రెండూ 28 అక్షరాలకోసారి కలవాలి. కలిసిన ప్రతిసారీ లెక్క సరిగ్గా కుదిరింది. తీగల్ని అరచేత్తో నొక్కి కొట్టిన దెబ్బలన్నీ కిక్ డ్రమ్ మీదే పడ్డాయి. నీకు లయ గట్టిగా ఉంది.

పని మిగిలింది ట్యూన్ దగ్గర. మాటల్లేని సంగీతంలో పల్లవి మోసే బరువంతా ట్యూనే మోయాలి. ఏడు ట్రాకులూ విన్నాక కూనిరాగం తీద్దామంటే నాకు ఒక్కటీ నోటికి రాలేదు. ఆరో ట్రాక్ తొమ్మిది నిమిషాలు. ఒక రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) మనసుకి పట్టేలోపే ఇంకోటి వచ్చేస్తుంది, మొదటిది మళ్లీ కనబడదు. వినేవాళ్లు పల్లవికి తిరిగి రావడం కోసం ఎదురుచూస్తారు బాబూ, నువ్వు వాళ్లని ఇంటికి తీసుకురాలేదు. సోలోల్లో వేగం బాగుంది కానీ ఊపిరి తీసుకునే చోటు లేదు. స్నేర్ డ్రమ్ మొదటి నుంచి చివరిదాకా ఒకే బలంతో మోగుతుంది. డ్రమ్స్ ప్రోగ్రామ్ చేయడం తప్పేమీ కాదు. గాత్రం లేని మెటల్ వాయించే అమెరికా బ్యాండ్ యానిమల్స్ యాజ్ లీడర్స్ 2009లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ కూడా దాని ప్రొడ్యూసర్ మిషా మన్సూర్ ప్రోగ్రామ్ చేసినవే. కానీ మనిషి చెయ్యి ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడుతుంది. ఆ తేడా ఓపిగ్గా కూర్చుని ఒక్కో దెబ్బకీ పెట్టాలి. మాస్టరింగ్‌లో, అంటే ఆల్బమ్‌కి చివర్లో చేసే సౌండ్ సర్దుబాటులో, సౌండంతా పైకి లాగేశావు. మెల్లగా ఉండాల్సిన భాగం కూడా గట్టిగానే వినిపిస్తోంది, దాంతో ఆ వెంటనే వచ్చే హెవీ రిఫ్ చప్పబడిపోయింది.

ఇక ఐదో ట్రాక్. మొదట్లో రేకు మీద సుత్తి దెబ్బలు వినిపిస్తాయి, మీ షెడ్డులోవే కదా? ఐదు దెబ్బలు ఏరి ఐదక్షరాల ఖండచాపులో పేర్చావు. వెనక ఎవరో "ఆ పానా ఇటందుకో" అనడం కూడా తీసేయకుండా ఉంచావు. రేకు మోత ఆరకముందే అదే శ్రుతిలో బేస్ అందుకుంది. ఆ 40 సెకన్లు నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఇంకెవరూ చేయలేనిది, నువ్వు మాత్రమే చేయగలిగింది అదే.

అందుకే చెబుతున్నాను, నీకు గిటారిస్టు ఉద్యోగం కన్నా సౌండ్ పని ఎక్కువ కలిసొస్తుంది. మాటల్లేని మెటల్ వినేవాళ్లు తక్కువ, స్ట్రీమింగ్ డబ్బులు నమ్ముకుని బతకడం కష్టం. సౌండ్‌కైతే దారులున్నాయి. పుణెలో ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ అనే ప్రభుత్వ సినిమా కాలేజీలు సౌండ్ కోర్సులు నడుపుతున్నాయి. సౌండ్‌కి ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పుణెలోనే చదివారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, పైగా డిగ్రీ పూర్తయి ఉండాలి. చదువు ఇప్పుడు ఆపేస్తే ఆ తలుపు నువ్వే మూసుకున్నట్టు.

పోయిన సబ్జెక్టుల్లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఉందేమో చూసుకో. నీ గిటార్‌కి యాంప్ సౌండ్ రావడానికి క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్ (స్పీకర్ పెట్టె మోగే తీరుని పట్టిన రికార్డింగ్) వాడి ఉంటావు. అది పనిచేసేది కన్వల్యూషన్ అనే లెక్కతోనే, రెండు సిగ్నళ్లని కలిపే లెక్క అది. ఏడాదిన్నరగా నువ్వు చెవితో చేస్తున్న లెక్కే ఆ పుస్తకంలో ఉంది. దానికి సీ ప్లస్ ప్లస్ తోడైతే ఆడియో ప్లగిన్లు, గేమ్ ఆడియో, హెడ్‌ఫోన్లు తయారుచేసే కంపెనీల్లో ప్రయత్నించవచ్చు. సీటు రాకపోయినా నువ్వు రోడ్డున పడవు.

ట్యూన్ కోసం ఒక పని చెయ్యి. మన ఊళ్లోనే ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు. వెళ్లి గాత్రం క్లాసుల వివరాలు కనుక్కో. వచ్చే ఆల్బమ్‌కి ట్యూన్ ముందు గొంతుతో పాడి చూసుకుని, తర్వాతే గిటార్ మీద పెట్టు.

గిటార్ అమ్మొద్దు. వచ్చే పరీక్షల్లో రెండు సబ్జెక్టులూ క్లియర్ చేస్తానని, అప్పటిదాకా రోజుకు ఒక్క గంటే వాయిస్తానని నాన్నగారికి మాటివ్వు. దానికంటే ముందు ఆయనకి ఐదో ట్రాక్ వినిపించు. షెడ్డులోనే, మధ్యాహ్నం భోజనాల వేళ మిషన్లు ఆగినప్పుడు. ఆ సుత్తి ఎవరి చేతిలోదో ఆయన ఇట్టే చెప్పేస్తారు.