పొట్టయ్యే గౌన్లు, మిగిలిపోయే కూరలు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాదిన్నర. బట్టలు కొన్న కొన్నాళ్లకే పొట్టయిపోతున్నాయి, వండింది మిగిలిపోతోంది. కుట్టు మిషన్ లేదు, చేతికుట్టు మాత్రం కొంచెం వచ్చు. ఖర్చు తగ్గించే దారి చెప్పండి.

జవాబు: చేతికుట్టు చాలమ్మా, మిషన్ కోసం ఆగకండి. గౌను ఒక సైజు పెద్దది తీసుకుని, అంచుకి కాస్త పైన లోపలివైపు అర అంగుళం లోతు మడత పెట్టి వదులుగా టాకాలు వేయండి. పాప ఎదిగాక ఆ దారం లాగేస్తే గౌను అంగుళం పొడవవుతుంది. కొత్త కాటన్ గుడ్డ కుట్టేటప్పుడు మాత్రం ముందు తడిపి ఆరబెట్టాకే కత్తిరించాలి, లేదంటే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి మీ శ్రమంతా వృథా. బాబు ప్యాంటు మోకాలి దగ్గర పలచబడగానే, చిరిగేదాకా చూడకుండా, లోపలినుంచి పాత గుడ్డ ముక్క వేసి కుట్టేయండి. పాప బట్టలకి గుండీలు వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటుంది.

వంట విషయానికొస్తే, పిల్లలకి వేరే వండే అలవాటు మానండి, సగం మిగిలేది అక్కడే. అందరికీ ఒకే కూర ఉడికించి, కారం వేయకముందే వాళ్ల వాటా తీసి మెదిపి పెడితే సరిపోతుంది. వడ్డించేటప్పుడు కొంచెమే పెట్టి, అడిగితే మళ్లీ వేయండి, ఎందుకంటే ఎంగిలి కంచంలోది దాచలేం, గిన్నెలోది దాచొచ్చు. దాచేదాన్ని రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేదాకా వేడిచేసి, ఆరాకే పిల్లలకి పెట్టండి.